‘మాయమైనవారు’ అనాలా, ‘మాయం చేయబడినవారు’ అనాలా?

ప్రశ్న: శ్రీలంకలో 2009 మేలో యుద్ధం ముగిశాక కూడా ఆచూకీ దొరకనివారి గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ప్రభుత్వం మనుషులో, దాని అండ ఉన్నవాళ్లో పట్టుకెళ్లి జాడ దాచేయడాన్ని ఇంగ్లిషులో ‘ఎన్‌ఫోర్స్‌డ్ డిసప్పియరెన్స్’ అంటారు, దానికి పత్రికలు ‘బలవంతపు అదృశ్యం’ అంటున్నాయి. చెవికి ఎక్కడం లేదు. ఇంకో మాట ఉందా?

జవాబు: ఎక్కదు మరి. ‘అదృశ్యం’ అనగానే మాంత్రికుడు గుర్తొస్తాడు. ‘తప్పిపోయిన’ అంటే జాతరలో పిల్లాడు. శ్రీలంక తమిళంలోనూ ఇదే పేచీ. ఆచూకీ లేనివారిని వెతకడానికి 2016 నాటి 14వ నంబరు చట్టంతో వచ్చిన కార్యాలయం పేరులో ‘కాణామఱ్‌పోన’, అంటే ‘కనబడకుండా పోయిన’ అని ఉంది. 2017 ఫిబ్రవరిలో కిళినొచ్చిలో దీక్షకు కూర్చున్న తల్లుల మాట ‘కాణామల్ ఆక్కప్పట్టోర్’, కనబడకుండా చేయబడినవారు. ‘పోయిన’వాడు తన కాళ్లతో పోయాడు, ‘ఆక్కప్పట్ట’వాడి వెనక ఎవరిదో చెయ్యి ఉంది. ఇలాంటివారి కోసమే వేసిన నేపాల్ కమిషన్ పేరులోనూ ‘బేపత్తా భఏకా’ (జాడ లేకుండా పోయిన) కాదు, ‘బేపత్తా పారిఏకా’ (జాడ లేకుండా చేయబడిన) అనే ఉంటుంది.

మరొకరు: అయితే ‘మాయం చేసినవారు’ చాలదా? ‘బడు’ ప్రయోగం తెలుగుకి నప్పదని మనమే తిడుతుంటాం కదండీ.

జవాబు: చిక్కంతా అక్కడే. ‘మాయం చేసిన మనుషులు’ అంటే ఆ పని చేసినవాళ్లా, ఆ పనికి బలైనవాళ్లా? ‘నేను కొట్టిన మనిషి’ అన్నప్పుడు ‘నేను’ ఉంది కాబట్టి తేలిపోతుంది. కర్తను తీసేస్తే ‘చేసిన’, ‘కొట్టిన’ లాంటి మన ధాతుజ విశేషణం రెండువైపులా తిరుగుతుంది, నిందితుడు బాధితుడైపోతాడు. కర్త తెలిస్తే ‘సైన్యం మాయం చేసినవారు’ అని రాయండి. తెలియకపోతే ‘బడు’ను భరించండి, ఇక్కడ దానికి పని ఉంది.

ఇంకొకటి, ‘అపహరణ’ అని కుదించకండి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 2వ అధికరణంలో పట్టుకెళ్లడం మొదటి భాగమే. అది చేసింది ప్రభుత్వం మనుషులో, దాని అండ ఉన్నవాళ్లో అయివుండాలి. ఆ తర్వాత ‘మా దగ్గర లేడు’ అనడమో, జాడ దాచడమో జరిగి, ఆ మనిషి చట్టం రక్షణకు అందకుండా పోవాలి. ప్రభుత్వ ప్రమేయం లేని ముఠాలు ఇదే పని చేస్తే 3వ అధికరణం.

ప్రశ్న: మంచిది. ‘సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్సెన్స్’ని ‘గైర్హాజరు ధ్రువపత్రం’ అన్నాను.

జవాబు: బడి హాజరుపట్టీలా ఉంది! ఆ పత్రం ఎందుకో చూడండి. శ్రీలంక 2010 చట్టం ప్రకారం ఏడాదికి పైగా జాడ లేనివారికి మరణ ధ్రువపత్రం ఇచ్చేవారు. కొడుకు చనిపోయాడని సంతకం పెట్టడానికి చాలామంది తల్లులు ఒప్పుకోలేదు. 2016 సవరణతో వచ్చిన ఈ పత్రంతో, చావు ఒప్పుకోకుండానే ఆస్తి, బ్యాంకు ఖాతా వ్యవహారాలు చూసుకోవచ్చు. ‘ఆచూకీ లేని ధ్రువపత్రం’ అంటే పత్రమే పోయినట్టుంటుంది. ‘ఆచూకీ తెలియనట్టు ధ్రువపత్రం’ అనండి, ‘అట్టు’ గట్టిగా పట్టుకుంటుంది.

మరొకరు: జాడ తెలియనివారి భార్యల్ని ఏమంటున్నారు? ‘వితంతువు’ అంటే ఆ పత్రం ఉద్దేశమే చెడుతుంది. కశ్మీర్‌ వార్తల్లో ‘హాఫ్ విడో’ని ‘అర్ధ వితంతువు’ చేశారు, అదీ చావు వైపే మొగ్గుతుంది. ‘ఒంటరి మహిళ’ కూడా వద్దు, తెలంగాణలో 2017 నుంచి అది పింఛను మాట. భర్తను విడిచి ఉంటున్నవాళ్లూ, పెళ్లికానివాళ్లూ గుర్తొస్తారు.

జవాబు: ‘భర్త జాడ తెలియని స్త్రీ’. పొడుగే, కానీ తప్పు లేదు. ‘జాడ తెలియని వ్యక్తి భార్య’ అని మాత్రం రాయకండి, ఎవరి జాడ తెలియదో తేలదు.

ప్రశ్న: శీర్షికలో మాత్రం ‘మాయం చేయబడినవారు’ బరువుగా ఉందండీ.

జవాబు: శీర్షికకి నామవాచకం ఎందుకు? ‘మాయం చేశారు’ అని పెట్టండి. కర్త పేరు లేకపోయినా ‘-ఆరు’లో ఉన్నాడు.