ఈ వారం సమస్య: దనుజుఁ గౌఁగిటఁ జేర్చెను ధర్మపత్ని

నిర్వాహకుడు:

బెంగళూరు పద్యమిత్రులకు నమస్కారం. ఈసారి తేటగీతి అనే పద్యానికి చివరి పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించండి.

దనుజుఁ గౌఁగిటఁ జేర్చెను ధర్మపత్ని

మనుషులకూ అసురులకూ మధ్య ప్రేమలు మన కావ్యాలకు కొత్త కాదు. భీముణ్ణి హిడింబ కోరుకుంది. బాణాసురుడి కూతురు ఉష, అనిరుద్ధుణ్ణి కలలో చూసి మనసిచ్చింది. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో వజ్రనాభుడి కూతురు ప్రభావతి ప్రద్యుమ్నుణ్ణి వలచింది. ఈ మూడింట్లోనూ అసురుల వైపు నుంచి వచ్చింది ఆడపిల్లే. అటూ ఇటూ మార్చి చూడండి, కథ రావణుడు సీతను ఎత్తుకుపోయినట్టు అయిపోతుంది. మానవకాంత తానుగా దనుజుణ్ణి, అంటే అసురుణ్ణి, దగ్గరకు తీసుకుంటే ఎలా ఉంటుందో చూడాలని నా ఆశ. ప్రేమా నిజం కావాలి, భయమూ నిజం కావాలి.

మారతహళ్ళి సభ్యుడు:

రంగమున రావణుండయి రాత్రి యాడి
రంగు కడుగక యింటికి రాఁగ మగఁడు
వెఱపు లేకయె నవ్వుచు వేడ్క మీఱ
దనుజుఁ గౌఁగిటఁ జేర్చెను ధర్మపత్ని

నిర్వాహకుడు: గణాలు (లఘుగురువుల లెక్క), యతులు (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలిసే చోట్లు) సరిగ్గా ఉన్నాయి. 'రంగు కడుగక' అనే మాట కళ్ళకు కట్టింది. కానీ వేషం, కల, నాటకం ఇవన్నీ ఏ సమస్యకైనా దొరికే దారులు. రెండో పాదంలోనే భయం తీరిపోయింది.

యశవంతపుర సభ్యుడు:

గంధమాదన గిరిమార్గ గమనవేళ
నలసి నడువని పాంచాలి నంసమందు
మోయు భీమతనూజుని ముద్దు పొంగ
దనుజుఁ గౌఁగిటఁ జేర్చెను ధర్మపత్ని

నిర్వాహకుడు: అరణ్యపర్వంలో ఘటోత్కచుడు ద్రౌపదిని మోసుకెళ్ళే ఘట్టం. మంచి ఎంపిక. సవతి కొడుకు భుజం మీద ఆ తల్లి సేద తీరడం చాలా బాగుంది. అవధానంలో అయితే చప్పట్లు పడేవి. నేనడిగింది మాత్రం వేరే ప్రేమ.

జయనగర్ సభ్యుడు: హిడింబ కొడుకు రాక్షసుడు, దనుజుల తల్లి దనువు సంతానం కాదు. దనుజుడు అనవచ్చా?

నిర్వాహకుడు: పురాణ వంశావళి ప్రకారం మీ మాట నిజం. పద్యంలో మాత్రం రెండూ ఒకే అర్థంలో వాడడం పూర్వకవుల నుంచీ ఉన్నదే.

జయనగర్ సభ్యుడు: అయితే నా పూరణ. జలంధరాసురుడి భార్య బృంద కథ.

హరి జలంధరు రూపాన నరుగుదేర
బృంద తన నాథుఁడే యని పేర్మిఁ బొంగి
మాయ నెఱుఁగక యా లతామండపమున
దనుజుఁ గౌఁగిటఁ జేర్చెను ధర్మపత్ని

నిర్వాహకుడు: మొదటి పాదంలో హ, అ యతిమైత్రి చక్కగా కుదిరింది. కానీ ఆమె చేతుల్లో ఉన్నది హరి, దనుజుడు కాదు. 'దనుజుఁ డనుకొని' అన్న అర్థం పాఠకుడే తెచ్చుకోవాల్సి వస్తోంది. అంతకన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఇక్కడ బృంద ప్రేమించలేదు, మోసపోయింది. మనుచరిత్రలో గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి వరూధినిని కళ్ళు మూసుకోమంటాడు. అదీ ఇలాంటిదే. హిడింబ అలా చేయలేదు. అందమైన రూపంతో వచ్చినా, మా అన్న మిమ్మల్ని చంపి తీసుకురమ్మన్నాడని భీముడికి ముందే చెప్పేసింది. అన్నీ తెలిశాకే భీముడు ఒప్పుకున్నాడు. ఎవరిని హత్తుకుంటున్నారో తెలియకపోతే అది ప్రేమ కిందకు రాదు. ఎంత చీకటి కథలోనైనా నేను చూసేది ఇదే.

మల్లేశ్వరం సభ్యురాలు: నేను పుట్టి పెరిగింది ఇక్కడే. 1990లలో మా వీధిలో తలుపుల మీద సుద్దముక్కతో 'నాళె బా' (కన్నడంలో 'రేపు రా') అని రాసేవారు. రాత్రివేళ దయ్యం ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని, ఆ రాత చూసి రేపు వద్దామని వెనక్కి పోతుందని నమ్మకం. తెలుగునాట గోడల మీద రాసిన 'ఓ స్త్రీ రేపు రా' కూడా అలాంటిదే. ఆ తలుపు వెనక ఒంటరిగా ఉన్న మనిషిని ఊహించుకుని రాశాను.

రేపు రమ్మను రాతను మాపి వైచి
చచ్చిన మగని గొంతుతోఁ జలికి నిలిచి
పిలుచునది వాఁడు కాదని తెలిసి తెలిసి
దనుజుఁ గౌఁగిటఁ జేర్చెను ధర్మపత్ని

యశవంతపుర సభ్యుడు: ఒళ్ళు జలదరించిందమ్మా. ఒక సందేహం. మొదటి, మూడు పాదాల్లో యతి కనిపించలేదు.

మల్లేశ్వరం సభ్యురాలు: ప్రాసయతి వేశానండీ, మొదటి అక్షరాల బదులు వాటి పక్క అక్షరాలు కలుస్తాయి. రేపు, మాపి. పిలు, తెలి. తేటగీతిలో చెల్లుతుంది కదా.

జయనగర్ సభ్యుడు: 'చచ్చిన' మరీ మొరటుగా ఉంది. 'గతుఁడైన' అంటే మర్యాదగా ఉండేది. పైగా నాళె బా కథలో వచ్చేది ఆడ దయ్యమని విన్నాను, దనుజుడెలా అవుతాడు?

మల్లేశ్వరం సభ్యురాలు: మొదటి మాట మార్చలేనండీ. ఆవిడ తనకు తాను అబద్ధం చెప్పుకోవడం లేదు. అందుకే మెత్తటి మాట పెట్టలేదు. రెండోదానికి, కోరిన రూపం, కోరిన గొంతు తెచ్చుకునే మాయ అసురులదే కదా. అందుకే దనుజుడన్నాను.

మారతహళ్ళి సభ్యుడు: భర్త పోయాక మరొకరిని చేరదీస్తే ధర్మపత్ని ఎలా అవుతుంది?

నిర్వాహకుడు: నన్ను కదిలించింది సరిగ్గా అక్కడే. ఆమె కొత్తవాణ్ణి కోరలేదు. ఆ గొంతు ఇంకొక్కసారి దగ్గరగా వినాలనుకుంది. అందుకు ప్రాణమే ఇవ్వాల్సి వస్తుందని ఆమెకు తెలుసు, 'తెలిసి తెలిసి' అని రెండుసార్లు అనడంలో ఆ తెగువ ఉంది. ఇంకా గమనించండి, ఇన్నాళ్ళూ తనను కాపాడిన రాతను ఆమె తన చేత్తోనే తుడిచింది. తలుపు తీసినట్టు పద్యంలో ఎక్కడా లేదు. చెప్పకుండానే తెరుచుకుంది. చలికి నిలబడ్డవాడి మీద జాలి కూడా కలుగుతుంది. భయమూ పోలేదు, ప్రేమా పోలేదు. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

ఒక్క సూచన. 'రాత' బదులు 'వ్రాత' అంటే మిగతా పద్యం భాషతో కలుస్తుంది. 'రమ్మను' మీద గణం చెడదు, వేరే పదం కాబట్టి 'ను' లఘువుగానే ఉంటుంది.

మల్లేశ్వరం సభ్యురాలు: సరేనండీ, మార్చుకుంటాను. చాలా సంతోషం.

నిర్వాహకుడు: వచ్చే వారానికి ఆటవెలదిలో చివరి పాదం:

రాతి గుండె కరిగె రక్కసునకు

ఈసారి అతడి వైపు నుంచి రాయండి. శాపం తీరి మనిషైపోయాడనే పూరణలు వద్దు. చివరిదాకా రక్కసుడిగానే ఉండాలి. ఆదివారం రాత్రిలోగా పంపండి.