యుద్ధానంతర జపాన్‌లో కొత్త సాంకేతికతకు దారి వేసింది ప్రభుత్వమా, కంపెనీలా?

సముద్రతీరం:
యుద్ధంలో నేలమట్టమైన జపాన్ ఇరవై ఏళ్లు తిరగకుండానే పారిశ్రామిక శక్తిగా ఎదిగిందంటే, 1949లో ఏర్పడిన అంతర్జాతీయ వాణిజ్య, పరిశ్రమల శాఖే కారణమన్న మాట తరచుగా వింటున్నాం. దీనితో నేను ఏకీభవించలేను. తర్వాతి కాలంలో సోనీగా పేరు మార్చుకున్న టోక్యో త్సూషిన్ కోగ్యో, ట్రాన్సిస్టర్ల తయారీ హక్కు కోసం అమెరికాలోని వెస్ట్రన్ ఎలక్ట్రిక్‌కు 25,000 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. విదేశీ మారకం ప్రభుత్వం గుప్పిట్లో ఉన్నందువల్ల, 1953లో అకియో మోరిటా ఒప్పందం కుదుర్చుకున్నప్పటికీ, ఇంత చిన్న సంస్థ ఆ పని చేయగలదా అన్న అనుమానంతో అధికారులు అనుమతిని 1954 దాకా నాన్చారు. 1955లోనే ఆ సంస్థ ట్రాన్సిస్టర్ రేడియోను అమ్మకానికి తెచ్చింది. ఇందులో చొరవ ఎవరిది?

పాత ఉక్కు ఉద్యోగి:
మీరు చెప్పిన ఉదంతం నిజమే గానీ, ఒక్క రేడియోను చూసి తీర్పు చెప్పడం తగదు. అప్పట్లో జపాన్ ఉక్కులో అధికభాగం ఓపెన్ హార్త్ కొలిమిల్లో తయారయ్యేది. ఒక్కో విడతకు గంటలకొద్దీ సమయం పట్టేది, పైగా దిగుమతి చేసుకున్న తుక్కు ఇనుము కావలసి వచ్చేది. 1952లో ఆస్ట్రియాలో ఉత్పత్తికి వచ్చిన ఎల్‌డీ పద్ధతిలో, కరిగిన ఇనుము మీదికి పైనుంచి గొట్టంతో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఊదుతారు. ముప్పావు గంటలో ఉక్కు సిద్ధమవుతుంది, తుక్కు కూడా తక్కువే సరిపోతుంది. ఇలా ఊదే పెద్ద పాత్రలాంటి కొలిమినే కన్వర్టర్ అంటారు; మన విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ ఉన్నవి ఈ కన్వర్టర్లే. కార్బన్ కాలిపోతున్నంతసేపూ కన్వర్టర్ మూతి దగ్గర ఎగసిపడే మంట, అది అయిపోవస్తుంటే కుంగుతుంది; ఊదడం ఎప్పుడు ఆపాలో పాతకాలపు పనివారు ఆ మంటను చూసే చెప్పేవారు.

ఈ హక్కు కోసం యవాతా, నిప్పన్ కోకన్ కంపెనీలు రెండూ పోటీపడ్డాయి. అది అలాగే సాగితే ధర పెరిగేది ఆస్ట్రియా వారికే లాభంగా. శాఖ కలగజేసుకుని, 1956లో నిప్పన్ కోకన్ ఒక్కటే లైసెన్సు తీసుకుని మిగతా కంపెనీలకు పంచేలా ఒప్పించింది. మరుసటి ఏడాది యవాతాలోనే మొదటి కన్వర్టర్ నడిచింది. ఒకరు కొన్న విద్య అందరికీ చవగ్గా అందేలా చూడటం ఏ కంపెనీ తనంత తాను చేసే పని కాదు.

సముద్రతీరం:
ఉక్కు విషయంలో మీ మాట బలమైనదే. కానీ అదే శాఖ 1963లో, కార్ల వంటి రంగాల్లో కంపెనీలు ఎక్కువయ్యాయని, వాటిని కుదించే అధికారం కోరుతూ బిల్లు తెచ్చిన సంగతి మరువరాదు. ఆ బిల్లు చట్టం కాలేదు. మోటారు సైకిళ్లతో పేరు తెచ్చుకున్న హోండా అదే ఏడాది నాలుగు చక్రాల వాహనాల్లోకి అడుగుపెట్టింది.

రైలుపట్టాలు:
ఇద్దరూ జపాన్ బుల్లెట్ రైలు షింకాన్సెన్‌ను వదిలేశారు. జీరో యుద్ధవిమానాల రెక్కల్లో పుట్టే ప్రమాదకరమైన కంపనాన్ని పరిశోధించిన తదాషి మత్సుదైరా, యుద్ధం ముగిశాక రైల్వే పరిశోధన సంస్థలో చేరి, వేగం పెరిగినప్పుడు రైలు చక్రాలు అటూ ఇటూ ఊగిపోవడానికి కారణం వెతికారు. సైన్యం రద్దయి వీధిన పడవలసిన నైపుణ్యాన్ని ప్రభుత్వ సంస్థ నిలబెట్టుకుంది. ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది; ఖర్చు అంచనాకు దాదాపు రెట్టింపై రైల్వే అధ్యక్షుడు షింజి సోగో 1963లో పదవి వదులుకోవలసి వచ్చినా, 1964 అక్టోబరు 1న రైలు గంటకు 210 కిలోమీటర్ల గరిష్ఠ వేగం గల మార్గం మీద బయలుదేరింది.

సముద్రతీరం:
రైలుపట్టాలు గారూ, అక్కడ నా వాదన నిలవదని ఒప్పుకుంటున్నాను. టోక్యో నుంచి ఒసాకా దాకా 515 కిలోమీటర్ల కొత్త మార్గాన్ని ఏ ప్రైవేటు సంస్థా తలకెత్తుకునేది కాదు. అయితే అక్కడ ప్రభుత్వం నష్టభయాన్ని తానే మోసింది. సోనీ, కార్ల కంపెనీల విషయంలో మాత్రం, తాము మోస్తామన్న వారిని ఆపబోయింది. నా అభ్యంతరం ఆ ఆపడం మీదే.