మంద పెరిగితే జాతి బతికినట్టేనా?

నల్లపొట్టేలు:
దేశీ గొర్రెల సంగతి ఎవరి దగ్గర ఎత్తినా "కోట్లల్లో ఉన్నాయి కదా, వాటికేం కొదవ" అంటారు. నిజమే, 2019 పశుగణన ప్రకారం భారతదేశంలో గొర్రెలు 7 కోట్ల 42 లక్షలు. అంతకుముందు గణన కంటే 14 శాతం పెరిగాయి. కానీ ఆ లెక్కలో తలలే ఉంటాయి. వాటికి తండ్రులు ఎన్ని, ఆ తండ్రులు ఒకదానికొకటి ఏమవుతాయి అన్నది ఎవరూ అడగరు. నా గొడవంతా దాని గురించే.

మా మందలో జరిగింది చెప్తాను. మంచి ఒడ్డూ పొడవూ ఉన్న పొట్టేలు దొరికిందని దాన్ని ఆరేళ్లు వదల్లేదు. దాని కూతుళ్లు మందలోనే ఎదిగి దానికే చూలు కట్టాయి. తర్వాత దాని కొడుకునే విత్తనపు పొట్టేలుగా ఉంచుకున్నాం. నాలుగో ఏడు నుంచి పిల్లలు బరువు తగ్గుతూ వచ్చాయి. ఒక పిల్లకైతే కింది దవడ పొట్టి. తల్లి కదలకుండా నిలబడి ఇస్తున్నా చన్ను నోట్లో నిలవదు, పాలన్నీ పెదవి పక్క నుంచి కారిపోయేవి. సీసాతో తాగించాం. మూడో రోజు పోయింది. ఆ ఈతలో అలాంటివి ఇంకో రెండు పుట్టాయి. ముందు మేత లోపం అనుకున్నాం, మందు మార్చాం. తప్పు పొట్టేలిది కూడా కాదు, దాన్ని వదలని మాది.

దేశీ జాతిని కాపాడాలంటే అసలు చేయాల్సింది ఏమిటి? బయటి జాతి పొట్టేళ్లను ఆపడమా, వీర్యం దాచడమా, ఇంకేదైనానా? మొహమాటం లేకుండా రాయండి.

పెంపకం_నా_పని:
అన్నా, మీ మందలో జరిగింది దగ్గర రక్తం కలవడం వల్ల. అది దేశీ జాతిలోనైనా, విదేశీ జాతిలోనైనా జరుగుతుంది. దానికీ సంకరానికీ ముడిపెట్టకండి. ఇంకా చెప్పాలంటే బయటి రక్తమే దానికి మందు.

"స్వచ్ఛమైన జాతి" అనే మాట దగ్గరే నాకు పేచీ. డార్పర్ ఇవాళ పేరున్న జాతి కదా? అది 1930లు, 40లలో దక్షిణాఫ్రికాలో డార్సెట్ హార్న్, బ్లాక్‌హెడ్ పర్షియన్ కలిపి తయారు చేసిన సంకరం. గొర్రెను మనిషి మచ్చిక చేసుకుని పది వేల ఏళ్లు అవుతోంది. అన్నేళ్లూ మందలు నడుస్తూనే, కలుస్తూనే ఉన్నాయి. ఏదో ఒక రోజున గీత గీసి, ఇక్కడి నుంచి కలపకూడదు అంటే ఎలా?

సంకరం జాతిని కాపాడిన చోట్లూ ఉన్నాయి. ఉత్తర ఇంగ్లండులో స్వేల్‌డేల్ కొండ గొర్రెల మీదికి బ్లూఫేస్డ్ లెస్టర్ పొట్టేలును వదులుతారు. పుట్టిన వాటిని మ్యూల్ అంటారు. పల్లపు భూముల రైతులు మాంసపు పిల్లల కోసం ఆ మ్యూల్ ఆడగొర్రెలనే కొంటారు. మ్యూల్‌కు గిరాకీ ఉన్నంత కాలం దాని తల్లి జాతిని కొండ మీద ఎవరో ఒకరు అచ్చంగా పెంచాల్సిందే. జాతి నిలబడింది గిరాకీ వల్ల. రైతు నష్టపోతూ జాతిని మోయాలని అడగడం న్యాయం కాదు.

పశువైద్యురాలు:
మ్యూల్ ఉదాహరణ మంచిది. అయితే అందులో మీరు దాటేసిన ముక్క ఒకటుంది. అక్కడ అచ్చమైన కొండ మందలు విడిగా ఉన్నాయి. సంకరపు పొట్టేలు పిల్ల మాంసానికి పోతుంది తప్ప తిరిగి కొండ మందలోకి రాదు. ఆ కట్టుబాటు లేని చోట ఏమవుతుందో కెన్యా చూపించింది.

1970ల మధ్య నుంచి అక్కడ డార్పర్ పొట్టేళ్లను ప్రభుత్వ పథకం కింద పంచారు. ఎంతవరకు కలపాలి, ఎక్కడ ఆపాలి అనేది రైతుకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు బాగా పెరుగుతున్నాయని అందరూ కలుపుకుంటూ పోయారు. కొన్నేళ్లకు అక్కడి దేశీ జాతి రెడ్ మాసాయి అచ్చమైన మంద దొరకడమే కష్టమైంది. తర్వాత పరిశోధకులు రెండు జాతులనూ పక్కపక్కన పెంచి చూశారు. తేమ ఎక్కువగా ఉండే సముద్ర తీరంలో రెడ్ మాసాయి స్పష్టంగా ముందుంది. కారణం, రక్తం పీల్చే కడుపు నట్ట హీమాంకస్‌ను అది బాగా తట్టుకుంటుంది. పొడి నేలల్లో మాత్రం డార్పర్ వెనకబడలేదు. ఈ మాట కూడా చెప్పాలి, లేకపోతే మీకు అన్యాయం చేసినట్టవుతుంది.

నట్ట పట్టిన గొర్రె కింది రెప్ప ఎప్పుడైనా లాగి చూశారా? ఆరోగ్యంగా ఉంటే లోపల ఎర్రగా ఉంటుంది. నట్ట రక్తం తాగేకొద్దీ గులాబీ రంగు, తర్వాత తెలుపు. కాగితంలా తెల్లబడిన రెప్పలు మందలో వరసగా కనిపిస్తే ఆ రోజు నాకు అన్నం సయించదు. హీమాంకస్ ఒక్క మందుకు కాదు, చాలా రకాల నట్టల మందులకు అలవాటు పడిపోయింది, చాలా దేశాల్లో. మందు పని చేయని రోజున మనకు మిగిలేది తట్టుకునే శక్తి ఉన్న రక్తమే. అది పోయాక ఏ కంపెనీ తయారు చేసి ఇవ్వలేదు.

లెక్కల_మాస్టారు:
నల్లపొట్టేలు గారూ, మీరు అడిగిన తండ్రుల లెక్కకు సూత్రం ఉంది. ఆడ సంఖ్యనూ మగ సంఖ్యనూ గుణించి, దాన్ని నాలుగు రెట్లు చేసి, రెండింటి మొత్తంతో భాగించండి. వచ్చేది ప్రభావ సంఖ్య. అంటే జన్యువుల పరంగా ఆ మంద నిజానికి ఎంత పెద్దది అనేది.

వెయ్యి ఆడగొర్రెలకు పది పొట్టేళ్లు. లెక్క కడితే సుమారు 39.6. వెయ్యి తలల మంద నలభై తలల మందలా ప్రవర్తిస్తుందన్నమాట. ఇప్పుడు ఆడగొర్రెలను రెండు వేలు చేయండి, పొట్టేళ్లు పదే ఉంచండి. 39.8! వెయ్యి గొర్రెలు కలిపినా ఏమీ కదల్లేదు. అదే వెయ్యి ఆడగొర్రెలు ఉంచి పొట్టేళ్లను ఇరవై చేయండి, 78 దాటుతుంది. పది పొట్టేళ్లు చేసిన పని వెయ్యి గొర్రెలు చేయలేకపోయాయి. ఇదంతా పొట్టేళ్లన్నీ సమానంగా దాటుతాయి, ఒకదానికొకటి చుట్టం కాదు అనుకున్నప్పటి మాట. ఒకే పొట్టేలు సగం మందను దాటితే అంకె ఇంకా పడిపోతుంది.

ఈ ప్రభావ సంఖ్య 50 కంటే తగ్గకూడదన్నది వాడుకలో ఉన్న గీటురాయి. 50 దగ్గర ఒక్కో తరానికి ఇన్‌బ్రీడింగ్, అంటే దగ్గర రక్తం కలవడం, ఒక శాతం పెరుగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కూడా జాతులకున్న ముప్పును అంచనా వేసేటప్పుడు మగవాటిని విడిగా లెక్కిస్తుంది. విత్తనపు పొట్టేళ్లు ఐదు, అంతకంటే తక్కువకు పడిపోతే ఆడవి ఎన్ని ఉన్నా ఆ జాతి అత్యంత ప్రమాదంలో ఉన్నట్టే.

కొత్తగా_చేరాను:
ఒక సందేహం అండి. ఇంత టెన్షన్ ఎందుకు, ప్రతి జాతి వీర్యాన్నీ గడ్డకట్టించి దాచేస్తే సరిపోదా?

పశువైద్యురాలు:
దాచాలి, తప్పకుండా. 1968లో ఆస్ట్రేలియాలో దాచిన మెరినో పొట్టేళ్ల వీర్యాన్ని యాభై ఏళ్ల తర్వాత సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు కరిగించి 56 గొర్రెలకు వేస్తే 34 చూలు కట్టాయి. ఆ సంగతి 2019లో బయటికి వచ్చింది. ద్రవ నత్రజనిలో అది చెడిపోదు.

చిక్కు వేరే చోట ఉంది. గొర్రె గర్భాశయ ద్వారం మెలికలు తిరిగి ఉంటుంది, ఆవుకు వేసినట్టు గొట్టం నేరుగా దూరదు. గడ్డకట్టిన వీర్యంతో మంచి ఫలితం కావాలంటే పొట్ట దగ్గర చిన్న కోత పెట్టి లాపరోస్కోపుతో వేయాలి. మంద మొత్తానికి ప్రతి ఏడూ అది అయ్యే పని కాదు. పైగా గడ్డకట్టిన వీర్యం అక్కడే ఆగిపోయి ఉంటుంది. మంద మాత్రం కొత్త రోగాలకూ మారే వానలకూ తరతరానా సర్దుకుంటూ పోతుంది.

ఇంకొకటి. ఇంగ్లండులో కంబ్రియా కొండల మీద హెర్డ్విక్ గొర్రెలు కంచె లేకుండా తమ మేత హద్దులోనే తిరుగుతాయి. ఆ హద్దును పిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది. 2001లో గాలికుంటు వచ్చినప్పుడు ఆ దేశంలో లక్షల పశువులను చంపేశారు. దాదాపు హెర్డ్విక్ జాతి అంతా ఆ ఒక్క ప్రాంతంలోనే ఉండటంతో జాతే పోతుందేమో అన్నంత భయం పట్టుకుంది. వీర్యం దాచి ఉంటే జాతిని మళ్లీ పుట్టించవచ్చు. హద్దు నేర్పే తల్లిని ఏ సీసాలో దాస్తాం?

పెంపకం_నా_పని:
మేడమ్, కెన్యా విషయం ఒప్పుకుంటున్నాను. హద్దు లేని సంకరాన్ని నేనూ సమర్థించను. కానీ ఒక్క మంచి గుణం కోసం బయటి రక్తం తెస్తే తప్పేంటి? సుందర్‌బన్స్ గారోల్ గొర్రెలో కవలలను ఇచ్చే జన్యువు ఉంది, ఫెక్‌బి. మహారాష్ట్రలో ఫల్టణ్‌లోని నింబ్కర్ సంస్థ దాన్ని అక్కడి దక్కనీ గొర్రెలోకి ఎక్కించింది. ఒళ్లు దక్కనీదే, ఈతకు పిల్లలు ఎక్కువ. రైతుకు లాభం, దక్కనీకీ గౌరవం.

పశువైద్యురాలు:
అది మంచి పని, నేనూ మెచ్చుకుంటాను. కాకపోతే ఆ జన్యువు మనదాకా ఎలా వచ్చిందో చూడండి. గారోల్ చాలా చిన్న గొర్రె. బరువే కొలమానం అయితే ఎప్పుడో తీసేయాల్సిన జాతి. దాని మీదికి పెద్ద పొట్టేళ్లను వదిలేసి ఉంటే ఆ జన్యువు అక్కడే చెదిరిపోయేది. ఆస్ట్రేలియాలో బూరూలా మెరినోకు కవలల గుణం 1790లలో బెంగాల్ నుంచి ఓడలో వెళ్లిన గొర్రెల నుంచే అందిందని చెప్తారు. ఆ జన్యువు ఏదో పరిశోధకులు పట్టుకున్నది 2001లో. ఆ రెండు వందల ఏళ్లూ దాని విలువ తెలియకుండానే ఎవరో ఆ చిన్న గొర్రెలను మేపారు.

నల్లపొట్టేలు:
అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. పెంపకం గారూ, బయటి రక్తం అనే మందు బయటి జాతి నుంచే రానక్కర్లేదు, అదే జాతిలో వేరే మంద నుంచి కూడా వస్తుంది. మా చుట్టుపక్కల ఇదే జాతి మందలు ఇంకో నాలుగున్నాయి. మాస్టారి లెక్క వాళ్లకు నేల మీద పుల్లతో గీసి చూపించాను. ఐదు మందలూ ఒక చక్రం. నా పొట్టేళ్లు రెండో మందకు, వాళ్లవి మూడో మందకు, అలా ఐదో మంద పొట్టేళ్లు నాకు. ఏ పొట్టేలూ ఒక చోట రెండేళ్లకు మించి ఉండదు. దాని కూతుళ్లు ఎదకు వచ్చేలోపు అది కదిలిపోవాలి. ఆడగొర్రెలు ఎవరివి వాళ్ల దగ్గరే ఉంటాయి. సంకరపు పిల్లలు కావాలన్నవాళ్లు ఆ గొర్రెలను విడిగా మేపాలి, వాటిలో ఒక్క పిల్లనూ విత్తనానికి ఉంచకూడదు. దీనికి అందరూ ఒప్పుకున్నారు.

ఒకాయన మాత్రం ఇంకా తేల్చలేదు. ఆయన పొట్టేలు కంటే నాది జానెడు పొట్టి, ఇచ్చి పుచ్చుకుంటే ఆయనకు నష్టమంటున్నాడు. రేపు నా పొట్టేలును తోలుకెళ్లి రెండింటి కింది రెప్పలూ లాగి ఆయనకే చూపిస్తాను. ఎత్తు గురించి మాట్లాడేది ఆ తర్వాతే.