గ్రంథాలయ సిబ్బంది ‘ఇది చదవండి’ అని చెప్పడం అవసరమా?

పెన్నగట్టు: అనంతపురంలో మా పేట శాఖా గ్రంథాలయంలో తలుపు పక్కన కొత్తగా ఒక అర పెట్టినారు. ‘మా సిబ్బందికి నచ్చినవి’ అని అట్ట. ‘శప్తభూమి’, దాన్ని ఆనుకునే ‘తులసిదళం’, ఆ పక్క ఒక డిటెక్టివ్ నవల, కుట్టుపని పుస్తకం! 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన మన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి చేతబడి నవల ‘తులసిదళం’ జతనా? పుస్తకం ఇచ్చి పుచ్చుకుంటే చాలు వీళ్లు.

రాత్రిచదువు: నేను ‘తులసిదళం’ కోసం పోయి పక్కనున్న ‘శప్తభూమి’ కూడా తెచ్చుకున్నా మాస్టారూ. 18వ శతాబ్దపు సీమ, ఆ పాళెగాళ్లు... తెల్లారిందాకా వదల్లేదు. వేరే బీరువాలో ఉంటే దాని మీద చెయ్యే పెట్టేదాన్ని కాదు.

పెన్నగట్టు: అది మీ అదృష్టం, పద్ధతి కాదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి 1931 నాటి సూత్రాల్లో రెండోది చూడండి: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. మనిషిని కనుక్కొని ఇవ్వాల, అందరికీ ఒకే అర కాదు.

గ్రూప్స్‌బాధితుడు: ఆ అర తీసేసి రెండు కుర్చీలు వేయమనండి సార్. నిలబడి చదువుతున్నాం.

రాత్రిచదువు: కుర్చీలకు వేరే థ్రెడ్ పెట్టు నాయనా. మాస్టారూ, మూడో సూత్రం మింగేసినారే? ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. చేతబడికీ ఉంటారు.

పెన్నగట్టు: ఉండనీ. అరకెక్కించి గౌరవించొద్దంటున్నా. కేతు విశ్వనాథరెడ్డి కథలు ఏవీ అని అడిగితే ఆ చీటీలు రాసేవాడు ‘ఎవరు సార్ ఆయన’ అన్నాడు! ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కసువు ఊడ్చేవాడు రాసిన చీటీ చూసి పుస్తకం తీసుకోవడానికా?

కొండారెడ్డిబురుజు: ఆఁ, ఇప్పుడు బయటపడింది.

రాత్రిచదువు: అంటే చీటీలు రాసేది అటెండరని మీకు మొదట్నుంచీ తెలుసు! ‘శప్తభూమి’ చీటీ చదివినారా అసలు? ‘మొదట్లో పేర్లు తికమక పెడతాయి, ఓపిక పట్టండి, తర్వాత మీరే వదలరు’ అని రాసినాడు. నా డిగ్రీలో ఇంత పనికొచ్చే మాట ఒక్కరూ చెప్పలేదు. నవలలు చదువుతానంటే ఒక లెక్చరర్ క్లాసంతా నవ్వేటట్టు ఎగతాళి చేసినాడు. ఏం చదవాలని పెద్ద చదువులోళ్లను అడగడం అప్పుడే మానేసినా.

పెన్నగట్టు: ఆయన చేసిందానికి నన్నెందుకు తిడతారు? ఊడ్చేవాడన్నది తప్పయితే తీసేస్తా. మా దగ్గర లైబ్రేరియన్ రిటైరై పోయినాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. చీటీలతో పని జరిగిపోతోందని మీరు చప్పట్లు కొడితే, పోస్టు ఎందుకని పైవాళ్లే అంటారు. ఆ పిల్లోడికి దీనికి ఒక్క రూపాయైనా ఎక్కువ ఇస్తున్నారా?

రాత్రిచదువు: ఈ మాట ముందే అనాల్సింది. అర్జీ రాయండి, సంతకం పెడతా. అర మాత్రం ఉండాల.

పెన్నగట్టు: పోస్టు కోసం రాస్తా. అర కోసం రాయను.

గ్రూప్స్‌బాధితుడు: కుర్చీలు కూడా రాయండి సార్.