పాత డ్యాన్స్ బ్యాండ్ ఫిల్ములో అందరూ ఎడమచేతి వాటమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి

ముషీరాబాద్ కుర్రాడు:

అందరికీ నమస్తే. మా నాన్న పెళ్ళి బ్యాండులో 31 ఏళ్ళు ట్రంపెట్ ఊదాడు. ముందు పళ్ళు రెండు పోయాక మానేశాడు, పెదవికి వెనక ఆసరా లేకపోతే ట్రంపెట్ పలకదు కదా. రెండు నెలల నుంచి రాత్రి భోజనాలయ్యాక నేను టీవీలో యూట్యూబ్ పెట్టి 1930లు, 40ల నాటి డ్యాన్స్ బ్యాండుల ఫిల్ములు చూపిస్తున్నాను. ఒకటి చూద్దామని కూర్చుంటే పదకొండు దాటుతోంది. తెల్లకోట్లు వేసుకుని మూడు వరసల్లో కూర్చున్న బ్యాండు, ముందు పది పన్నెండు మంది అమ్మాయిలు ఒకరి నడుము ఒకరు పట్టుకుని కాళ్ళు ఎత్తడం, ట్రంపెట్‌వాళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడి ఊది మళ్ళీ కూర్చోవడం, ఆ ఊపు చూస్తుంటే ఇద్దరికీ నిద్ర రాదు.

విషయం ఏంటంటే మొన్న 40ల నాటి మూడు నిమిషాల ముక్క ఒకటి దొరికింది, ఒకటే పాట. ముందు టైటిల్ లేదు, ఎవరి బ్యాండో రాయలేదు, నలుపు తెలుపు. నాన్న ఒక నిమిషం చూసి "ఆపు ఆపు, ఈయనేంది బిడ్డా ఎడమచేత్తో నొక్కుతుండు" అన్నాడు. ట్రంపెట్ ఎడమచేత్తో పట్టుకుని కుడిచేతి వేళ్ళతో మీటలు నొక్కాలి, ఎక్కడైనా అంతే. ఇందులో ముగ్గురికీ ఎడమచెయ్యే మీటల మీద ఉంది. వెనక్కి జరిపి చూస్తే ట్రాంబోన్ వాయించేవాళ్ళు కూడా గొట్టాన్ని ఎడమచేత్తోనే లాగుతున్నారు. ఒక్కరైతే సరే అనుకోవచ్చు, బ్యాండు మొత్తం ఎడమచేతి వాటం ఎలా అవుతుంది? వీడియో తిరగబడిందేమో అని నాకు అనుమానం వచ్చింది, కానీ ముందున్న స్టాండ్ల మీద ఎం అనే ఇంగ్లీషు అక్షరం సరిగ్గానే కనబడుతోంది.

ఇంకో సంగతి. అమ్మాయిల వరసలో ఎడమవైపు నుంచి నాలుగో అమ్మాయి మిగతావాళ్ళలా కెమెరాని చూడకుండా మాటిమాటికీ డ్రమ్ములవైపు చూస్తుంది. ఆమె ఎందుకలా చూస్తోందో తెలుసుకోవాలని ఉంది. అలాగే డ్రమ్మర్ గట్టిగా కొడుతున్న చోట మనకి దెబ్బ వినబడదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాన్న రోజూ "ఎవరన్నా చెప్పిండ్రా" అని అడుగుతున్నాడు.

పాతరీలు:

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి, ఆయన కన్ను గొప్పది. వీడియో తిరగబడిందే. ఎం అక్షరాన్ని అద్దంలో చూసినా ఎం లాగే ఉంటుంది, అందుకే మీకు దొరకలేదు. అదే స్టాండు మీద బి అనో ఆర్ అనో ఉంటే మొదటి సెకనులోనే తెలిసిపోయేది.

మూడు నిమిషాలు, ఒకటే పాట, 40ల నాటిది అంటున్నారు కాబట్టి అది సౌండీ అనే చిన్న పాట ఫిల్ము అయ్యుండాలి. 1940లో షికాగోలోని మిల్స్ నావెల్టీ అనే కంపెనీ పానోరామ్ అని ఒక పెట్టె తెచ్చింది. బార్లలో, హోటళ్ళలో పెట్టేవాళ్ళు. మనిషెత్తు చెక్క బీరువాలాంటిది, పైన తెర, కింద లోపల 16 ఎంఎం ప్రొజెక్టర్. 10 సెంట్ల నాణెం వేస్తే ఒక పాట బొమ్మతో సహా వస్తుంది. రీలు మీద ఎనిమిది పాటలుంటాయి, మనకి కావలసింది ఎంచుకోవడానికి లేదు, వరసలో ఏది వస్తే అదే చూడాలి. ప్రొజెక్టర్ వెలుగు అద్దాల మీద పడి తిరిగి తెర వెనక నుంచి పడుతుంది, దానివల్ల బొమ్మ కుడి ఎడమలు మారిపోతాయి. అందుకని ప్రింటునే తిప్పి వేసేవాళ్ళు, పెట్టెలో చూసినప్పుడు సరిగ్గా వచ్చేది. ఇప్పుడు ఆ ప్రింటుని సంగతి తెలియనివాళ్ళు మామూలుగా స్కాన్ చేసి పెడితే బ్యాండు బ్యాండంతా ఎడమచేతివాళ్ళైపోతారు.

1946 దాకా ఇలాంటివి 1,800కు పైగా తీశారు. డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీ, క్యాబ్ కాలోవే, ఫ్యాట్స్ వాలర్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ లాంటి నల్లజాతి జాజ్ దిగ్గజాలు అందరూ వీటిలో ఉన్నారు. పెద్ద సినిమాల్లో నల్లజాతి బ్యాండులకి ఒక్క పాటకి మించి చోటు దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో ఈ చిన్న ముక్కల్లో వాళ్ళు మొదటి నుంచి చివరిదాకా తెరనిండా ఉంటారు, నాకు వీటి మీద అంత ఇష్టం అందుకే.

ఖాయం చేసుకోవాలంటే కోట్లు చూడండి. మగవాళ్ళ కోటుకి రుమాలు జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది. మీ వీడియోలో కుడివైపు ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. వీడియో మీ దగ్గర ఫైలుగా ఉంటే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో టూల్స్, ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్, వీడియో ఎఫెక్ట్స్, జామెట్రీ లోకి వెళ్ళి ట్రాన్స్‌ఫార్మ్ టిక్ పెట్టి ఫ్లిప్ హారిజాంటల్లీ ఎంచుకోండి, సరైపోతుంది.

వెనకవరస:

డ్రమ్ము దెబ్బ గురించి, ఆ నాలుగో అమ్మాయి గురించి నేను చెప్తాను తమ్ముడూ. నేను ఇక్కడే హైదరాబాద్‌లో పదకొండేళ్ళు సినిమాల్లో గ్రూప్ డ్యాన్సర్‌గా చేశాను, ఎప్పుడూ వెనక వరసే. పాట ముందే రికార్డు అయిపోయి ఉండేది, సెట్‌లో నాగ్రా అనే టేపు రికార్డరులో వేసి దానికి మేం ఆడేవాళ్ళం. సౌండీలు కూడా అలాగే తీశారు, ముందు స్టూడియోలో పాట, తర్వాత ఇంకో రోజు కెమెరా ముందు దానికి అనుగుణంగా ఆడటం, వాయించినట్టు చెయ్యడం. అందుకే డ్రమ్మర్ చేతికీ మనకి వినబడేదానికీ అక్కడక్కడా పొంతన ఉండదు.

ఇప్పుడు ఆ అమ్మాయి. స్పీకరు ఒక పక్కన ఉంటుంది, సెట్‌లో పాదాల చప్పుడు, అరుపులు, వరస మధ్యలో ఉన్నవాళ్ళకి పాట సరిగ్గా వినపడదు. అప్పుడు ఏం చేస్తామంటే కంటికి ఆనే తాళం ఒకటి వెతుక్కుంటాం. నేనైతే డ్యాన్స్ మాస్టర్‌గారి అసిస్టెంటు మోకాలి మీద కొట్టే చెయ్యి చూసేదాన్ని. ఆమె డ్రమ్మర్ కర్ర చూస్తోందంటే లెక్క అక్కడి నుంచి తీసుకుంటోంది అనిపిస్తోంది. గమనించు, ఆమెకి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ ఆమె భుజం కదలికతోనే కాలు ఎత్తుతుంటారు. నడుము పట్టుకోవడం అందానికి మాత్రమే కాదు, పక్కమనిషి బరువు ఎటు మారుతోందో చేతికి తెలుస్తుంది, కన్ను తిప్పక్కర్లేదు. ఇంగ్లండులో మాంచెస్టర్‌కి చెందిన జాన్ టిల్లర్ 1890 ప్రాంతంలో ఈ పద్ధతిని మొదలుపెట్టి పేదింటి పిల్లలకి నేర్పించాడు, టిల్లర్ గర్ల్స్ అనేవాళ్ళు. వరసలో పొడుగు అమ్మాయిల్ని మధ్యలో పెట్టి చివరలకి పోయేకొద్దీ ఎత్తు తగ్గించే కిటుకు న్యూయార్క్‌లో రాకెట్స్ అనే డ్యాన్స్ బృందంవాళ్ళు ఇప్పటికీ పాటిస్తారు, దూరం నుంచి అందరూ ఒకే ఎత్తు ఉన్నట్టు కనిపిస్తారు.

ఒక మాట మనసులోంచి చెప్తున్నా. ఇలాంటివి చూసి "కాళ్ళు చూపించే డ్యాన్సులు" అని తీసిపారేసేవాళ్ళంటే నాకు బాధ. ఆ రెండు నిమిషాల వరస వెనక ఎన్ని పొద్దులు రిహార్సల్, ఎన్ని చీలమండ నొప్పులు ఉంటాయో నాకు తెలుసు. వాళ్ళ పేర్లు ఎక్కడా వెయ్యరు. న్యూయార్క్ హార్లెమ్‌లో కాటన్ క్లబ్ అని ఉండేది, వేదిక మీద అందరూ నల్లజాతివాళ్ళు, డబ్బిచ్చి చూసేవాళ్ళు తెల్లవాళ్ళు. అక్కడ కోరస్‌లో, అంటే డ్యాన్స్ వరసలో చేరాలంటే ఒంటి రంగు లేతగా ఉండాలి, అయిదడుగుల ఆరంగుళాలకు తగ్గకూడదు, వయసు 21 దాటకూడదు. తర్వాత పెద్ద గాయని అయిన లీనా హార్న్ 1933లో 16 ఏళ్ళకి ఆ వరసలోనే మొదలుపెట్టింది. ఆమె పేరు మనకి తెలిసింది, పక్కన నిలబడ్డ అమ్మాయి పేరు తెలియలేదు. నాన్నగారు ట్రంపెట్‌వాళ్ళని చూసినంత శ్రద్ధగా నువ్వు ఆ నాలుగో అమ్మాయిని చూశావు, నాకు చాలా సంతోషమేసింది.

లాలాగూడ రైలు:

మా చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. డిసెంబరు వస్తే చాలు వాళ్ళ డ్యాన్సుల బ్యాండు చప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా మా ఇంటికి వినబడేది, మేం గోడెక్కి చూసేవాళ్ళం. సాక్సోఫోన్ నేను మొదటిసారి చూసింది అక్కడే, ఆ ఇత్తడి మీద దీపాల మెరుపు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

మీ నాన్నగారికి నచ్చుతుందని ఒకటి చెప్తాను. 1930ల్లో బొంబాయి తాజ్ హోటల్లో టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే అమెరికన్ పియానో వాద్యకారుడు బ్యాండు నడిపాడు. ఆ రోజుల్లో బొంబాయి, కలకత్తా హోటళ్ళలో ఇలాంటి సంగీతం వాయించిన గోవా కళాకారులు తర్వాత హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లోకి వచ్చారు. వాళ్ళలో ఒకరు ట్రంపెట్ వాయించే చిక్ చాకొలెట్. 1951లో వచ్చిన అల్బేలా సినిమాలో ఆయన తన బ్యాండుతో తెర మీదే కనబడతారు. దానికి సంగీతం సి.రామచంద్ర. ఆ పాట పెట్టి చూపించండి, వేళ్ళు ఏ చేతివో మీ నాన్నగారే చెప్తారు.

ఇంకొకటి, పాత 20ల నాటి బ్యాండులు చూసేటప్పుడు పెద్ద డ్రమ్ము ముఖం మీద గీసిన బొమ్మ గమనించండి. చెరువో, చంద్రుడో ఉంటుంది, కొన్నింటిలో లోపల బల్బు వెలుగుతుంటుంది. బొమ్మ మెరవడానికే కాదు, దూడతోలు తేమకి వదులైపోకుండా వెచ్చగా ఉంచడానికి కూడా. మన డప్పువాళ్ళు మంట దగ్గర కాస్తారు చూడండి, అదే అవసరం.

ముషీరాబాద్ కుర్రాడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాత్రి లాప్‌టాప్ టీవీకి తగిలించి చూశాం. రుమాలు జేబు కుడివైపే ఉంది! పాతరీలు గారు చెప్పినట్టు తిప్పాం, అందరి చేతులూ సరిగ్గా అయిపోయాయి. ఎం మాత్రం అలాగే ఉంది, నాన్న దాన్ని చూసి చాలాసేపు నవ్వాడు.

డప్పు సంగతి చదివి వినిపిస్తే "అవును మరి, వానాకాలం బారాత్ అంటే మా డోలు మోగనే మోగకపోయేది" అన్నాడు. అల్బేలా పాట కూడా పెట్టాను, మూడుసార్లు చూశాడు.

తిప్పిన తర్వాత నాన్న సౌండ్ తీసేయమన్నాడు. నాకు అర్థం కాలేదు. చప్పుడు లేకుండా ముగ్గురు ట్రంపెట్‌వాళ్ళ వేళ్ళే చూస్తూ తన మోకాలి మీద అవే మీటలు నొక్కుకుంటూ పాట నోటితో కూనిరాగం తీశాడు. ఆ తర్వాత సౌండ్ పెట్టమన్నాడు, సోలో దగ్గర రాగం దాదాపు అదే! ఇద్దరి వేళ్ళు పాటతో సరిగ్గా సరిపోతున్నాయి, ఊదినట్టు నటించడం కాదు, షూటింగ్‌లో కూడా నిజంగానే ఊదుతున్నారు అంటాడు. మూడో ఆయన వేళ్ళు మాత్రం కదలట్లేదు, "ఈయన్ని జాగ నింపనీకి కూసోబెట్టిండ్రు" అని తేల్చేశాడు.

వెనకవరస అక్కా, మీరు చెప్పినట్టే చూశాను. ఆమె భుజం కదలగానే పక్కన ఇద్దరి కాళ్ళు లేస్తున్నాయి, ఇన్నిసార్లు చూసినా నాకు ముందు కనబడలేదు. ఇప్పుడు తిప్పేశాం కాబట్టి ఆమె కుడివైపు నుంచి నాలుగో అమ్మాయి.

వెనకవరస:

కుడివైపు నుంచి నాలుగు. నేను నిలబడిన చోటు కూడా అదే తమ్ముడూ. ఆ వీడియో నాకూ పంపు.