అప్‌డేట్: వేసవి సెలవులో పాస్టర్ లేనప్పుడు ప్రభురాత్రి భోజనం ఎవరిస్తారు?

వీబీఎస్ (పిల్లల వేసవి బైబిల్ తరగతులు), పెళ్లిళ్లు, యూత్ క్యాంపు అయ్యాక పాస్టర్‌నైన నేను సెలవులో ఊరెళ్తే మా లూథరన్ సంఘంలో ప్రభురాత్రి భోజనం (ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం) ఎవరిస్తారని అడిగాను కదా, ఆ సంగతి తేలింది. జవాబిచ్చిన అందరికీ వందనాలు. పొరుగు పాస్టర్ గారితో ఆదివారాలు మార్చుకోమన్న సలహానే పనిచేసింది, ఆయన సెలవులో నేను వెళ్లాను. సంఘ పెద్దలు ఇవ్వవచ్చా అంటే బిషప్ గారు లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో 14వ అధికరణం చూపించారు: సంఘ క్రమం ప్రకారం సేవకు పిలుపు పొందినవారే ప్రభురాత్రి భోజనం, బాప్తిస్మం వంటి సంస్కారాలు జరిగించాలి. మిగతా ఆదివారాలు పెద్దలే వాక్యపఠనం, ప్రార్థనలతో ఆరాధన చాలా చక్కగా నడిపారు. బాప్తిస్మం గురించి టెన్షన్ అనవసరం, ప్రాణాపాయంలో ఏ విశ్వాసి అయినా ఇవ్వవచ్చు. ప్రసంగాలు ముందే రికార్డు చేయాల్సిన అవసరం పడలేదు. అత్యవసర ఫోన్లు కూడా ఆ పాస్టర్ గారికే మళ్లించాం, అందుకే ఈసారి నిజంగా విశ్రాంతి దొరికింది.