సైన్సు పీరియడ్‌లో పిల్లల దృష్టిని పాఠం మీద నిలపడం ఎలా?

ప్రశ్న – సైన్సు ఉపాధ్యాయురాలు, చెన్నై

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒక పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్సు చెబుతున్నాను. పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ తరగతిలో ఇంగ్లీషులో చదువుకుంటున్నవారు. భోజన విరామం తరువాతి పీరియడ్‌లో పాఠం మొదలైన కాసేపటికే సగం తరగతి ధ్యాస ఎటో పోతోంది. స్మార్ట్ బోర్డు మీద వీడియో వేస్తే కళ్ళప్పగించి చూస్తారు గానీ, అది ఆగాక ఏం జరిగిందని అడిగితే ముందు బెంచీలోని ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ నోరు విప్పరు. ప్రయోగం చేసి చూపితే చప్పట్లు కొట్టి, నోట్సు ఎప్పుడు చెబుతారని అడుగుతారు. ల్యాబ్ సామగ్రి అంతంతమాత్రమే. సిలబస్ వెనకబడకుండా వీరిని పాఠంలోకి దింపే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు – భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, బెంగళూరు

మేడమ్ గారూ, ఫలితం చూపడానికి ముందే ఏం జరుగుతుందో ప్రతి విద్యార్థి చేతా నోటు పుస్తకంలో రాయించి చూడండి. తాను రాసినది నిలుస్తుందా లేదా అన్న ఆత్రం పుట్టాక, చూడమని ఎవరూ చెప్పనక్కరలేదు.

లోలకం పాఠాన్నే తీసుకుందాం. కావలసినవి దారం, ఇనుప నట్లు, గోడ గడియారం. పాతిక సెంటీమీటర్ల దారానికి నట్టు కట్టి ఊపితే పది డోలనాలకు (ఒకసారి అటు వెళ్ళి మళ్ళీ మొదటిచోటికి రావడం ఒక డోలనం) దాదాపు 10 సెకన్లు పడుతుంది. పొడవును 50 సెంటీమీటర్లు చేస్తే ఎంత పడుతుందని అడగండి. తరగతిలో అత్యధికులు 20 అని రాస్తారు. ఆ అంకెలన్నీ నల్లబల్ల మీద వేసి, ఏ అంకెకు ఎందరో గీతలు గీసి, అప్పుడు లెక్కపెట్టించండి. 14 సెకన్లే వస్తుంది. ఎవరో తప్పు లెక్కపెట్టారని గొడవ మొదలై, మళ్ళీ చేయమని వారే పట్టుపడతారు. 20 సెకన్లు రావాలంటే దారం ఒక మీటరు ఉండాలని, అంటే కాలం రెట్టింపు కావడానికి పొడవు నాలుగింతలు కావాలని తేలేసరికి వర్గమూలం పేరెత్తడానికి సమయం వచ్చినట్టే. బరువు పెంచి చూపేటప్పుడు మాత్రం నట్లను ఒకదాని కింద ఒకటి వేలాడదీయకుండా ఒకేచోట గుత్తిగా కట్టండి. లేకుంటే గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) కిందికి జారి, పొడవు పెరిగి, బరువు వల్లే కాలం మారిందని పిల్లలు పొరబడతారు.

జవాబు – విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, చెన్నై

పై సలహాకు ఒక చేర్పు. మనం ప్రశ్న వేసి ఎంతసేపు ఆగుతున్నామో గమనించుకోవాలి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో సైన్సు తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివిలోనూ తర్కంలోనూ మెరుగుపడుతున్నాయని చూపారు. మూడు సెకన్ల నిశ్శబ్దం మనకు యుగంలా తోస్తుంది, కానీ వెనక బెంచీ పిల్లవాడికి ఆ వ్యవధి అవసరం. పక్కవారితో చర్చించేటప్పుడు తెలుగో తమిళమో వారికి నచ్చిన భాషలో మాట్లాడనివ్వండి. ఇంగ్లీషులో రాయడం ఆ తరువాత.

జవాబు – గణితం, సైన్సు ట్యూషన్ ఉపాధ్యాయుడు, బెంగళూరు

ఇవన్నీ వినడానికి బాగానే ఉన్నాయి గానీ, ప్రతి పాఠానికీ ఇలా చేస్తూ కూర్చుంటే సిలబస్ సగంలోనే ఆగిపోతుంది, తల్లిదండ్రులు అడిగేదేమో మార్కులు. పిల్లల అంచనా స్థిరంగా తప్పే చోట్ల మాత్రమే, అంటే తేలడం-మునగడం, విద్యుత్ వలయం, నీడలు వంటి వాటికే ఈ పద్ధతిని వాడి, నిర్వచనాలూ వర్గీకరణలూ ఉన్న పాఠాలను మామూలుగానే చెప్పేయడం మంచిది. మూలకాల సంకేతాలను అంచనా వేయించి ప్రయోజనమేముంది?

జవాబు – ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు, చెన్నై

నీడల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. చెన్నై, బెంగళూరు రెండూ దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివరి వారంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ, సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్‌లో సెలవుల గొడవ ఉంటుంది కనుక ఆగస్టే మేలు. నిలువుగా నిలబెట్టిన ఇనుప గొట్టం నీడ చెన్నైలో 12 గంటల 13 నిమిషాల ప్రాంతంలో గొట్టం అడుగునే దాక్కుంటుంది. బెంగళూరులో అందుకు మరో పది పన్నెండు నిమిషాలు ఆగాలి. అదే అక్షాంశం మీద ఈ తేడా ఎందుకని ముందు రాయించండి, రేఖాంశం సంగతి వారి నోటే వస్తుంది. నెల్లూరులో అమ్మమ్మ ఉన్న పిల్లలు ఫోన్ చేసి అక్కడ నీడ ఎప్పుడు మాయమైందో కనుక్కోవచ్చు. చెన్నైకి ఉత్తరాన ఉన్నందున అక్కడ ఆగస్టు 14 ప్రాంతంలోనే ఆ రోజు వచ్చేస్తుంది. మబ్బు పట్టే నెల కాబట్టి ముందు, వెనక రోజులు కూడా కేటాయించుకోండి. ఒకటి రెండు రోజుల తేడాతో మిగిలే నీడ చాలా చిన్నదే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వచ్చే వారం లోలకంతో మొదలుపెడతాను. ఒక్క సందేహం: అంచనా తప్పిన పిల్లలు ఆ అంకెను చెరిపేసి సరైనది రాసుకుంటే ఏం చేయాలి?

జవాబు – భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, బెంగళూరు

పెన్నుతో రాయించండి, కొట్టివేత కూడా వద్దనండి. పాత అంచనా పక్కనే కొత్త సమాధానం, ఎందుకు మారిందో ఒక వాక్యం. అంచనాకు మార్కులుండవని, ఆ వాక్యానికే ఉంటాయని మొదటి రోజే ప్రకటిస్తే చెరిపే పని తగ్గుతుంది.